ఓ ముప్పై చోట్ల విభేదించు

"రేపు పొద్దున లైబ్రరీలో మీటింగు. ఈలోగా ఓ ముప్పై చోట్ల నాతో విభేదించు," అన్నాడాయన గుమ్మంలో నిలబడి, చేతికి వాచీ పెట్టుకుంటూ.

ఆమె అప్పుడు అత్తగారిని గోడవైపు ఒత్తిగిల్లజేసి, తడిసిన దుప్పటిని వీపు వెనక చుట్టగా చుట్టి, ఆ పక్కనే పొడి దుప్పటి పరుస్తోంది. ఒక చెయ్యి అత్తగారి భుజం మీద ఉంది, ఒక చెయ్యి పరుపు కింద ఉంది, ఒక మోకాలు మంచం పట్టె మీద ఆనించి ఉంది. విభేదించడానికి ఖాళీగా ఉన్న అవయవం ఒక్కటీ లేదు.

"భేది మందా?" అని గోడకేసి తిరిగే అడిగింది అత్తగారు. పక్షవాతం ఎడమ చేతినీ ఎడమ కాలినీ పడగొట్టింది గానీ నోటి జోలికి రాలేదు. "నాకొద్దురా నాన్నా, నిన్ననే అయింది."

"నీక్కాదమ్మా. తనకి."

"తనకెందుకూ? నిక్షేపంలా తిరుగుతోందిగా."

ఆయన నవ్వి, వాచీ సరిచేసుకుని వెళ్ళిపోయాడు. వీధి తలుపు పడిన చప్పుడు వినిపించింది. ఆమె దుప్పటి అంచు లాగి, పరుపు కిందకి తోసి, అత్తగారిని మళ్ళీ వెల్లకిలా తిప్పింది. తిప్పేటప్పుడు నడుములో ఏదో పట్టుకుని వదిలింది.

పెళ్లయిన దగ్గర్నించీ ఆయన ఆమెను చాలా అడిగాడు. కాఫీ అడిగాడు, ఇస్త్రీ చొక్కా అడిగాడు, కనపడని కళ్ళజోడు అడిగాడు, అది నెత్తిమీదే ఉందని చెబితే "చెప్పొచ్చుగా ముందే" అని కూడా అడిగాడు. విభేదించమని మాత్రం ఎప్పుడూ అడగలేదు. ఆ విషయంలో ఇన్నేళ్ళూ ఆయన విధానం "నీకు తెలీదు, ఊరుకో." ఇప్పుడు విభేదించమనడమే కాదు, కూరలో ఉప్పెంతో చెప్పినట్టు కొలత కూడా చెప్పాడు. ముప్పై చోట్ల. తక్కువైతే చప్పగా ఉంటుంది, ఎక్కువైతే ఆయన రాసే పేపరు నోట పెట్టలేం.

ఆయన యూనివర్సిటీలో ప్రజారోగ్యం చెప్పే ప్రొఫెసరు. ఇంట్లో మంచాన పడ్డ మనిషిని చూసుకునేవాళ్ళ ఒళ్ళు, మనసు ఏమైపోతున్నాయన్న విషయం మీద ప్రపంచంలో ఇంతవరకూ వచ్చిన పరిశోధనలన్నీ గాలించి, వాటి సారం తీసి ఒక పెద్ద వ్యాసం రాస్తున్నాడు. ఆ గాలింపు చేసింది ఇంట్లో మంచాన పడ్డ మనిషిని చూసుకుంటున్న ఆవిడే. ఇందులో ఎవరికీ ఏ వింతా తోచలేదు. పరిశోధన ఆయనది, అందులో శోధన ఆమెది. మూలాలు కావలసింది ఆయనకి, అవి దొరికేదాకా మూలుగులు ఆమెవి.

మొదట్లో ఆయనే వెతికాడు పాపం. లైబ్రరీ పేజీ తెరిచి, వెతుకుడు పెట్టెలో ఒక్క మాట కొట్టి, వచ్చిన గుప్పెడు పేపర్లు చూసి, "ఈ విషయం మీద ప్రపంచంలో ఎవరూ ఏమీ చెయ్యలేదు. మనమే మొదలు," అని సోఫాలో వెనక్కి వాలాడు. ఆ "మనం" విని ఆమె మర్నాడు లైబ్రరీకి వెళ్ళింది. అత్తగారికి కాపలాగా పక్కింటావిణ్ణి బతిమాలి కూర్చోబెట్టి మరీ వెళ్ళింది. అక్కడ పరిశోధకులకి సాయం చేసే లైబ్రేరియన్ ఆమె పక్కన కుర్చీ లాక్కుని కూర్చుని, "మీరు వెతికే మనిషిని ఎవరెవరు ఏమేం పేర్లతో పిలుస్తారో ముందు అన్నీ రాయండి," అంది.

ఆమె రాసింది. సంరక్షకురాలు. సహాయకురాలు. భార్య. కూతురు. కోడలు. బంధువు. పాత పేపర్లలోనైతే ఇల్లాలు. వాటన్నిటి మధ్యా "లేదా" పెట్టి ఒక గుంపు చేశారు. మాట చివర నక్షత్రం గుర్తు పెడితే ఆ మాట ఎన్ని రూపాల్లో ఉన్నా ఆ యంత్రం పట్టుకొస్తుందట. తను ఏ నక్షత్రంలో పుట్టిందోగానీ ఇంతకాలానికి ఒక నక్షత్రం తన మాట విన్నది అనుకుంది ఆమె. తర్వాత రోగాల పేర్లన్నీ ఇంకో గుంపు. రెండు గుంపుల మధ్యా "మరియు". ఒకే వెతుకులాటని నాలుగైదు చోట్ల నడిపారు. మంచి పేపరు దొరికితే దాని అడుగున అది ఎవరెవరిని ఉదహరించిందో చూశారు, ఆ తర్వాత దాన్ని ఎవరెవరు ఉదహరించారో చూశారు. ఎవరూ ఏమీ చెయ్యలేదన్న విషయం మీద పేపర్లు కట్టలు తెంచుకుని వచ్చాయి. ఒకటే పేపరు నాలుగుచోట్ల దొరికిన నకళ్ళన్నీ ఏరి పారేశాక కూడా రెండువేల పైచిలుకు మిగిలాయి. చేసే పని ఒకటే, పిలిచే పేర్లే ఇన్ని. ఆ మధ్యాహ్నం ఇంటికి నడుస్తుంటే ఆమెకి కాళ్ళు తేలిగ్గా ఉన్నాయి. చాలా ఏళ్ళ క్రితం, ఆయన ఉద్యోగం ఈ ఊరికి మారినప్పుడు సగంలో వదిలేసిన పీహెచ్‌డీ రోజుల్లో అలా ఉండేవి.

ఆ పీహెచ్‌డీ కోసమే ఇదంతా. డిపార్టుమెంటు మళ్ళీ చేర్చుకుంటానంది గానీ, అచ్చుకి పంపిన పేపరు ఒక్కటైనా ఉండాలంది. ఆయన్ని అడిగితే "చూద్దాం" అన్నాడు. ఆయన చూద్దాం అన్నవాటిని ఇంతవరకూ ఎవరూ చూడలేదు. కానీ ఈసారి రూలే ఆమె పక్షాన నిలబడింది. ఇలాంటి వ్యాసానికి ఏ పేపరు ఉంచాలో, ఏది తీసెయ్యాలో ఒక్కరే తేల్చకూడదు. ఇద్దరు మనుషులు, కంప్యూటర్లో ఎవరి ఖాతాలో వాళ్ళు, ఒకరు నొక్కింది ఒకరికి కనపడకుండా విడివిడిగా చదివి నొక్కాలి. ఆ తర్వాత యంత్రం ఇద్దరికీ ఎక్కడ కుదరలేదో చూపిస్తుంది, ఇద్దరూ కూర్చుని తేల్చుకోవాలి. అంటే రెండో తలకాయ కావాలి. "సరే, నీ పేరు కూడా వేస్తాలే, రూలు కదా," అన్నాడాయన. సహధర్మచారిణిలో మొదటి మాట సహ, సహించడంలో మొదటి మాట సహ. సహ రచయితలో ఆ మాట చేరడానికి ఇన్నేళ్ళు పట్టింది. ఎలా చేరితేనేం అనుకుంది.

నాలుగు రోజులు కాకముందే తన ఖాతా పాస్‌వర్డు ఆమె చేతిలో పెట్టాడు. "నాది కూడా నువ్వే కానిచ్చెయ్. ఎలాగూ ఒకసారి చదువుతున్నావు. రెండుచోట్ల నొక్కితే పోయేదానికి మళ్ళీ నేనెందుకు?"

ఆమె నొక్కింది. అది తప్పని తెలిసే నొక్కింది. పొద్దున ఆమెగా, మధ్యాహ్నం ఆయనగా. ఏది ఉంచాలో ఏది తీసెయ్యాలో ఆయన ముందే చెప్పాడు కాబట్టి ఆమెగా నొక్కినా ఆయనే, ఆయనగా నొక్కినా ఆమే. మొన్న లైబ్రేరియన్ ఆయనకి ఫోన్ చేసింది. వ్యాసం బయటికి పంపేముందు వెతికిన పద్ధతీ, ఏరిన పద్ధతీ లైబ్రరీ ఒకసారి చూసి సరేననాలి. "సార్, రెండువేల పైచిలుకు పేపర్లలో మీ దంపతులిద్దరికీ ఒక్కచోట కూడా తేడా రాలేదు. ఇంత అన్యోన్యత నా సర్వీసులో చూళ్ళేదు. ఒకసారి మాట్లాడుకుందాం, ఇద్దరూ రండి," అందట. ఆయన ఆ మాట ఇంటికొచ్చి నవ్వుతూ చెప్పాడు. నవ్వు అయిపోయాక కాసేపు గోళ్ళు కొరుక్కున్నాడు. ఆ గోళ్ళలోంచి పుట్టిందే ముప్పై చోట్ల విభేదం.

మధ్యాహ్నం అత్తగారికి అన్నం తినిపించి, మాత్రలేసి, మూతి తుడిచి, కళ్ళు మూతపడ్డాక ఆమె కంప్యూటరు తెరిచింది. తన ఖాతాలోకి వెళ్ళింది. ఒక పేపరు పేరు, దాని కింద నాలుగైదు వాక్యాల సారాంశం, దాని కింద బొత్తాలు: ఉంచు, తీసెయ్. తీసెయ్యి నొక్కితే కారణం కూడా ఎంచుకోవాలి. మొదటి ఐదారు విభేదాలు చిల్లర విభేదాలు. రోగం పేరు కొద్దిగా అటూ ఇటూగా ఉన్నవి, వయసు సరిగ్గా చెప్పనివి. అక్కడో చిటికెడు, ఇక్కడో చిటికెడు. పని సులువుగానే ఉంది. ఇంకో గంటలో ముప్పై అయిపోతాయి, రేపు మీటింగు అయిపోతుంది, పేపరు వెళ్ళిపోతుంది, తన పేరు అచ్చులో వస్తుంది. వంచిన తల వంచినట్టే ఉంచి ఇంకో గంట నొక్కితే చాలు.

ఏడోదో ఎనిమిదోదో తెరిచింది. తీసెయ్, కారణం: మామూలు ఇంటిపని. ఆ కారణం ఆయనదే. "ఉద్యోగం మానుకుని రోగిని చూసుకుంటే అది భారం. ఎలాగూ ఇంట్లో ఉండేవాళ్ళు చేస్తే అది మామూలు ఇంటిపనే. అవన్నీ కలిపితే లెక్క చెడుతుంది," అని మొదట్లోనే చెప్పాడు. అప్పుడు ఆమె తలూపింది. ఇప్పుడు సారాంశం చదివింది. నొక్కేటప్పుడు చదివిందే, కానీ అప్పుడు ఆయన చదివినట్టు చదివింది. పాల్గొన్నవాళ్ళలో ఎక్కువమంది కోడళ్ళు. అత్తనో మామనో మంచం మీద తిప్పేవాళ్ళు. నడుం నొప్పి, నిద్రలేమి, ఊరికే ఏడుపు రావడం. మీరేం పని చేస్తారన్న ప్రశ్న దగ్గర చాలామంది "ఏమీ లేదు" అని రాశారట.

ఏమీ లేదు. ఆమె ఆ రెండు మాటల దగ్గరే ఆగింది. వీళ్ళని తను ఒకసారి కాదు, రెండుసార్లు తీసేసింది. ఒకసారి భార్యగా, ఒకసారి భర్తగా. ఇలాంటి వాళ్ళని ఇంకెంతమందిని తీసేసిందో అని కారణాల వారీగా వడపోసి చూసింది. మామూలు ఇంటిపని అన్న వరసలో పేపర్లు కిందకి, ఇంకా కిందకి, తెర జరుపుతున్న వేలు నొప్పెట్టేదాకా వచ్చాయి. ఒక్కో పేపరులో వందల మంది. మొన్నటి వెతుకుడు పెట్టెలో "లేదా" పెట్టి పేరు పేరునా పిలుచుకొచ్చి, గుమ్మంలోంచే పొమ్మన్నట్టయింది.

"అమ్మాయ్," అని పిలిచింది అత్తగారు. "పక్క తిప్పు. ఈ వైపంతా మొద్దుబారింది."

లేచి వెళ్ళింది. ఒక చెయ్యి భుజం కింద, ఒక చెయ్యి తొడ కింద. ఎత్తబోతే నడుము పొద్దుటి చోటే పట్టేసింది. ఈసారి వెంటనే వదల్లేదు. మంచం కోడు పట్టుకుని నిలబడిపోయింది.

"ఏమైంది?"

"ఏమీ లేదత్తయ్యా."

ఆ మాట తన నోట్లోంచే బయటికి రావడం తనే విన్నది.

"ఇందాకట్నించీ ఆ పెట్టెకేసి అలా గుడ్లప్పగించి చూస్తే నడుమే కాదు, మెడ కూడా పట్టేస్తుంది. ఏం చేస్తున్నావేంటి అందులో?"

"మీ అబ్బాయితో విభేదిస్తున్నాను."

అత్తగారు మొహం ఇటు తిప్పింది. "ముందే చెప్పుంటే నేనూ ఓ రెండు ఇచ్చేదాన్ని," అంది. తర్వాత దిండు సర్దించుకుంటూ, "ఎంతైనా వాడి చదువుకి అడ్డం పడకు. వాడు పైకొస్తేనే కదా మనం," అంది. మనం అన్న మాట ఈ ఇంట్లో ఎవరి నోట్లోంచి వచ్చినా అందులో ఆమె పని ఉంటుంది, ఆమె ఉండదు.

తిరిగొచ్చి కూర్చుంది. ఆ కోడళ్ళ పేపరు మీద ఉంచు అని నొక్కింది. తర్వాతి దానిలో భర్తల్ని చూసుకునే ముసలి భార్యలు. ఉంచు. ఆ తర్వాత పెళ్ళి మానుకున్న కూతుళ్ళు. ఉంచు. ముప్పై దాటింది. ఆయన కొలత దాటాక లెక్కపెట్టడం మానేసింది. ప్రతిదీ చదివే నొక్కింది. నిజంగానే తీసెయ్యాల్సినవాటిని తీసెయ్‌లోనే ఉంచింది. ఒక పేపరు గురించి తన సొంత బుర్రతో ఇది చాలదు అనుకుని తీసేసినప్పుడు, ఉంచినవాటికంటే ఎక్కువ సంతోషం కలిగింది. అంతా అయ్యాక ఆయన ఖాతా తెరవలేదు.

సాయంత్రం ఆయన వచ్చి, బూట్లు విప్పకుండానే కంప్యూటరు ముందు కూర్చున్నాడు. కుదరని పేపర్ల వరస తెరిచి పైకీ కిందకీ జరిపాడు.

"ఇదేంటి? ముప్పై అన్నాను. నువ్వు మూడొందలు దాటించావు."

"విభేదించమన్నారుగా."

"విభేదించమంటే ఇలాగా? అన్నీ ఒకేచోట! నేను పెట్టిన రూలు మీదే!" గొంతు పెరుగుతుంటే పక్కగదిలో తల్లి ఉందని గుర్తొచ్చి తగ్గించాడు. తగ్గినప్పుడే ఆయన గొంతు ఎక్కువ భయపెడుతుంది. "సరే. అయిందేదో అయింది. నా దాన్లోకి వెళ్ళి ఇవన్నీ తేల్చెయ్. అన్నిచోట్లా నా మాటే నిలబడేట్టు. ఇద్దరం చర్చించుకున్నాం అని పెట్టు."

"చర్చించుకుందాం మరి. మొదటిది చదవండి."

"నాకంత టైమెక్కడిది?"

"మీ ఖాతాలోకి నేనిక వెళ్ళనండీ."

ఆయన కుర్చీలో పూర్తిగా ఆమెవైపు తిరిగాడు. చాలాకాలం తర్వాత ఆమెను మొహంలోకి చూశాడు. "ఇది ఆగితే ఆగేది నా పేపరొక్కటే అనుకుంటున్నావా? నీ రిజిస్ట్రేషనుకి గడువు నెలాఖరు. ఇది లేకపోతే నీ చేతిలో ఏముంది? నీ పేరు వేస్తున్నదెవరు?"

ఏమీ లేదు అన్న మాట మళ్ళీ నాలుక దాకా వచ్చింది. మింగేసింది. ఆయన తెరవైపు తిరిగి నాలుగు పేపర్లు తనే తేల్చబోయాడు. ప్రతిదానికీ ఎందుకో ఒక వాక్యం రాయమంటోంది ఆ యంత్రం. ఐదోదాని దగ్గర విసుగొచ్చి మూసేశాడు. "రేపు నేను మాట్లాడతాను. చర్చ ఇంకా నడుస్తోందంటాను. నువ్వు తలూపు, చాలు. అది కూడా చేతకాదంటే చెప్పు," అని స్నానానికి వెళ్ళిపోయాడు.

పొద్దున పక్కింటావిడ మళ్ళీ కాపలా కూర్చుంది. లైబ్రరీలో రెండో అంతస్తు, అద్దాల గది. బల్ల మీద పెద్ద తెర. ఆయన లోపలికి అడుగు పెడుతూనే నవ్వడం మొదలుపెట్టి, లైబ్రేరియన్ కూర్చోమనేదాకా నవ్వుతూనే ఉన్నాడు.

"మేడమ్, మీరన్న అన్యోన్యతకి దిష్టి తగిలింది. మళ్ళీ చూసుకుంటే బోలెడు తేడాలొచ్చాయి. ఇంట్లో ఒకటే చర్చ!"

"చూశానండీ," అంది లైబ్రేరియన్. ఆవిడ కూడా నవ్వింది గానీ చేతులు ఆగలేదు, తెర మీద వరస జరుపుతూనే ఉన్నాయి. "తేడాలు రావడం మంచిదే. కాకపోతే పోయిన వారం ఒక్కటీ లేదు, ఇవాళ మూడొందలు. అన్నిటికీ కారణం ఒకటే. అదొక్కటీ నాకు అర్థమైతే చాలు." ఒక పేపరు మీద నొక్కింది. అక్షరాలు గోడంత పెద్దవయ్యాయి. కోడళ్ళ పేపరు కాదు, ఇంకోటి. మతిమరుపొచ్చిన భర్తలతో ఉంటున్న భార్యల మీద చేసింది. "ఉదాహరణకి ఇదుంది. మేడమ్ ఉంచారు. సార్, మీరెందుకు తీసేశారు?"

ఆయన తెరకేసి చూశాడు. పెదవులు కదిలాయి, చదువుతున్నాడు, మొదటిసారి. "అంటే, ఇందులో... పద్ధతి పరంగా..." అని, ఆగి, ఆమెవైపు తిరిగాడు.

ఆ చూపు ఆమెకి బాగా తెలుసు. సభలో ఎవరైనా ఇబ్బందిపెట్టే ప్రశ్న వేస్తే, చుట్టాల ఇంట్లో ఎవరి పేరో గుర్తుకురాకపోతే, వాళ్ళమ్మకి ఏ మాత్రలు వేస్తున్నారని డాక్టరు అడిగితే వచ్చే చూపు. ఆ చూపు పడగానే జవాబు ఆమె నోట్లోకి దానంతటదే వచ్చేస్తుంది. ఇప్పుడూ వచ్చింది. ఆయన ఉద్దేశం ఏంటంటేనండీ, అని మొదలుపెట్టి, ఇందులో పాల్గొన్నవాళ్ళెవరూ ఉద్యోగం మానుకోలేదు కాబట్టి అదనపు భారం కొలవడం కష్టం అని ఆయనకంటే బాగా, ఆయన ఎప్పుడూ వాడనంత మంచి మాటల్లో చెప్పగలదు. లైబ్రేరియన్ తలూపుతుంది. చర్చ నడుస్తోంది అని రాసుకుంటుంది. పేపరు వెళ్తుంది. నెలాఖరు లోపల ఆమె పేరు ఒక కాగితం మీద ఉంటుంది, ఆ కాగితం పట్టుకుని ఆ డిపార్టుమెంటు మెట్లెక్కొచ్చు. లేదంటే ఇంకో ఏడాది, లేదంటే ఇంకెప్పటికో, లేదంటే ఎప్పటికీ లేదు. బల్ల కింద ఆయన బూటు ఆమె చెప్పుకి తగిలింది. ఒకసారి. మళ్ళీ ఒకసారి, కొంచెం గట్టిగా.

ఆమె పాదం వెనక్కి తీసుకుంది.

"ఆయన తీసెయ్యలేదండీ," అంది.

"అదికాదు మేడమ్, తన ఉద్దేశం..." అన్నాడాయన.

"రెండు పేర్లతోనూ నొక్కింది నేనే," అంది ఆమె, ఆయన మాట పూర్తయ్యేదాకా ఆగకుండా. లైబ్రేరియన్ చెయ్యి ఆగిపోయింది. "మొదటి మనిషి చదవడం నిన్ననే అయింది. రెండో మనిషి ఇంకా మొదలుపెట్టలేదు."